ట్రైనింగ్ ఎన్నాళ్లు?
కనీస వేతనాల సలహా మండలికి ఒక బహిరంగ లేఖ

తెలంగాణ కనీస వేతనాల సలహా మండలి అధ్యక్షుల వారికి, సభ్యులకు,



నేను హైదరాబాద్‌లో చిన్న చిన్న దుకాణాలకు లెక్కలు రాసి బతుకుతున్నాను. టిఫిన్ సెంటర్లు, బట్టల షాపులు, ఒక మెడికల్ షాపు, రెండు టైలరింగ్ షాపులు, ఒక సూపర్ మార్కెట్. జీఎస్టీ రిటర్నులు, పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు, నెలాఖరున జీతాల రిజిస్టర్, అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. ఈ పనిలోకి రాకముందు, 2011లో, పద్దెనిమిదేళ్ల వయసులో ఒక చీరల షోరూంలో సేల్స్ గర్ల్‌గా చేశాను. జీతం ఇచ్చే చేతినీ, తీసుకునే చేతినీ రెండింటినీ దగ్గర నుంచి చూసిన దాన్ని. ఆ ధైర్యంతోనే మీకు రాస్తున్నాను.

కనీస వేతనం పెంచాలన్న మాట వచ్చినప్పుడల్లా యజమానుల వైపు నుంచి ఒక మాట వినబడుతుంది. "పెంచితే ముందు పోయేది కుర్రాళ్ల ఉద్యోగాలే. పని రానివాళ్లకు అంతంత ఇచ్చి ఎవరు పెట్టుకుంటారు?" దాన్ని కొట్టిపారేయడానికి లేదు. 2023-24 కేంద్ర శ్రామిక సర్వే ప్రకారం దేశంలో మొత్తం మీద నిరుద్యోగం 3.2 శాతం అయితే, 15 నుంచి 29 ఏళ్ల వాళ్లలో 10.2 శాతం. మూడింతలు. అలాంటి చోట ఉన్న నాలుగు ఉద్యోగాలు కూడా పోతాయంటే ఏ తల్లిదండ్రులైనా భయపడతారు. ఆ భయం వెనకాలే ఒక సలహా వస్తుంది: కొత్తగా చేరేవాళ్లకు, వయసు తక్కువ వాళ్లకు, 'ట్రైనీ'లకు వేరే రేటు, కాస్త తక్కువ రేటు పెట్టండి అని. రేట్లు తిరగరాసే వేళ అది మీ బల్ల మీదకు తప్పకుండా వస్తుంది. దానికి ఒప్పుకోవద్దని అడగడానికే ఈ ఉత్తరం.

నేను షోరూంలో చేరింది ఆషాఢం సేల్‌కు ముందు. మాది సూర్యాపేట దగ్గర పల్లె. ఇంటర్ అయిపోయింది, డిగ్రీ ఫీజు కట్టే వీలు ఇంట్లో లేదు. పక్కింటి అక్క వెంటబెట్టుకొచ్చి చేర్పించింది. జీతం 3,000. "ఆరు నెలలు ట్రైనింగ్, తర్వాత 5,000" అన్నారు. అమీర్‌పేట హాస్టల్‌కు 2,000 పోయేది. మిగిలిన దాంట్లో 500 ఇంటికి పంపేదాన్ని, తమ్ముడి పుస్తకాలకు. మొదటి నెల జీతం 'డిపాజిట్' కింద వాళ్లే పట్టుకున్నారు. ఆ నెల అక్క దగ్గర చేబదులు తీసుకుని గడిపాను.

ఆ ట్రైనింగ్‌లో ఏముందో మీకు చెప్పాలి. మొదటి రోజు చీర మడత పెట్టడం నేర్పారు. కొంగు పైకి రావాలి, అంచు కనబడాలి, జరీ విరగకూడదు. మధ్యాహ్నానికి చెయ్యి తిరిగింది. రెండో రోజు గద్వాల, పోచంపల్లి, నారాయణపేట, ధర్మవరం చీరల మధ్య తేడాలు చూపించారు. ధర చీటీ మీద కస్టమర్‌కు అర్థం కాకుండా రాసే అక్షరాలు చదవడం మూడో రోజు. వారం తిరక్కుండానే కౌంటర్ మీద ఒక్కదాన్నే నిలబెట్టారు. రెండో నెలలో ఒక పెళ్లివారి బేరం నా కౌంటర్‌కు వచ్చింది. పొద్దుట పదకొండున్నరకు కూర్చున్నవాళ్లు సాయంత్రం నాలుగింటికి లేచారు. 42 చీరలు. బిల్లు మీద నా కౌంటర్ నంబరే ఉంది. పక్క కౌంటర్ సీనియర్ అక్క ఆ రోజు నాకంటే తక్కువే అమ్మింది. ఆమె జీతం 6,000. ఆమెకు ఎక్కువ ఇచ్చారని నేనెప్పుడూ బాధపడలేదు, ఆ 6,000 కూడా ఆమెకు చాలేది కాదు. కానీ నేను ఇంకా 'నేర్చుకుంటున్నాను' అని రిజిస్టర్‌లో ఎలా రాశారో ఇప్పటికీ అర్థం కాదు.

పొద్దుట పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడటమే. గిరాకీ లేకపోయినా కూర్చోకూడదు, సీసీ కెమెరాలో కనబడుతుంది. సాయంత్రం అయ్యేసరికి పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టేవి కావు. బస్టాండ్ దాకా చెప్పులు చేత పట్టుకుని నడిచిన రోజులున్నాయి. (దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం చేశాయి. ఇది మీ పరిధిలోది కాకపోవచ్చు, అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.)

ఆరు నెలలు నిండాయి. మేనేజర్ సార్ పిలిచి, "సీజన్ డల్లుగా ఉందమ్మా. ఉంటానంటే ఇంకో ఆరు నెలలు ట్రైనింగ్‌లోనే ఉండు, లేదంటే నీ ఇష్టం" అన్నారు. నాతో పాటు చేరిన ఎనిమిది మందిలో ఐదుగురికి అదే మాట. ఆ మర్నాడే ఊళ్ల నుంచి కొత్త బ్యాచ్ దిగింది. అందులో ఒకమ్మాయికి చీర మడత పెట్టడం నా చేతే నేర్పించారు.

ఇన్నేళ్ల తర్వాత ఆ కథను నాకు గుర్తు చేసింది, ఎక్కడో డెన్మార్క్‌లో పిల్లల మీద 2020లో అచ్చయిన ఒక అధ్యయనం. అక్కడ కనీస వేతనాలు యూనియన్లు, యజమానుల సంఘాలు కూర్చుని కుదుర్చుకునే ఒప్పందాల్లో ఉంటాయి. 18 నిండేదాకా పిల్లల రేటు, నిండగానే పెద్దల రేటు. పుట్టినరోజు దాటగానే గంట జీతం సుమారు 40 శాతం పెరుగుతుంది. అదే సమయానికి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల సంఖ్య మూడో వంతు పడిపోతుంది. కనీస వేతనం పెరిగితే ఉద్యోగాలు పోతాయనడానికి దీన్ని రుజువుగా చూపిస్తారు. నాకు మాత్రం అందులో మా షోరూం కనబడింది. పద్దెనిమిదేళ్ల కుర్రాడి పక్కనే, అదే పని తక్కువకు చేసే పదిహేడేళ్ల కుర్రాడు దొరుకుతున్నాడు. అలాంటప్పుడు పుట్టినరోజున పంపించెయ్యక ఏం చేస్తారు? రేటు పెరగడం కన్నా రెండు రేట్లు ఉండటమే అక్కడ కొంప ముంచిందని నేను అనుకుంటున్నాను. అక్కడ పుట్టినరోజు, ఇక్కడ ఆరో నెల.

మన పిల్లలు చదువుకోవడానికి వెళ్లి సాయంత్రాలు పని చేసుకునే బ్రిటన్ సంగతి చూడండి. 1999లో అక్కడ జాతీయ కనీస వేతనం మొదలైనప్పుడు పెద్దలకు గంటకు 3.60 పౌండ్లు, 18 నుంచి 21 ఏళ్ల వాళ్లకు 3 పౌండ్లు. 2016లో పై రేటు 25 ఏళ్లు నిండిన వాళ్లకే అన్నారు. 2021లో దాన్ని 23కు దించారు, 2024లో 21కి దించారు. పాతికేళ్లు వయసు రేట్లు నడిపిన దేశమే ఇప్పుడు ఆ తేడాను తగ్గించుకుంటూ వస్తోంది. వాళ్లు వదిలించుకుంటున్న దాన్ని మనం ఇప్పుడు తలకెత్తుకోవడం ఎందుకు?

ఉద్యోగాలు అసలు పోవని నేను అనడం లేదు. ఈ విషయం మీద పెద్దవాళ్లే ఒక మాట మీద లేరు. 1992లో అమెరికాలోని న్యూజెర్సీలో కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచారు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అక్కడి బర్గర్ హోటళ్లను, పెంచని పక్క రాష్ట్రం హోటళ్లతో పోల్చి చూశారు. ఉద్యోగాలు తగ్గలేదని తేలింది. దాన్ని కాదన్నవాళ్లూ ఉన్నారు. సియాటెల్‌లో గంటకు 13 డాలర్లకు పెంచినప్పుడు అక్కడి విశ్వవిద్యాలయం వాళ్లు తీసిన లెక్క నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. అప్పటికే పనిలో కుదురుకున్నవాళ్లు బాగుపడ్డారు. కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లు మాత్రం తగ్గారు. అంటే దెబ్బ తగిలితే, ఇంకా లోపలికే రాని పిల్లకు తగులుతుంది. ఆ పిల్ల పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు కాబట్టి ఆమె తరఫున ఎవరూ మాట్లాడరు. మీరు రేటు కట్టేటప్పుడు ఆమెను మరిచిపోవద్దు. ఆమె కోసం ఏం చేయాలో నాకు తోచింది తర్వాత చెబుతాను.

అంతకన్నా ముందు ఒక టిఫిన్ సెంటర్ లెక్క. ఓనర్ అన్న మంచివాడు, పనివాళ్లకు తను తినేదే పెడతాడు. వంట దగ్గర, ప్లేట్ల దగ్గర, కౌంటర్ దగ్గర కలిపి నలుగురు కుర్రాళ్లు, అందరూ ఇరవై లోపే. మొన్న సంక్రాంతికి ముందు లెక్కలు చూస్తూ, "జీతాలు పెంచమంటే ఒకణ్ణి తీసెయ్యాల్సిందేనమ్మా" అన్నాడు. అక్కడే బిల్లు పుస్తకం వెనక అట్ట మీద ఇద్దరం కలిసి లెక్క వేశాం. మనిషికి నెలకు 2,000 పెంచితే నలుగురికి 8,000. రోజుకు 267 రూపాయలు. సగటున రోజుకు పోయేవి 350 ప్లేట్లు. ప్లేటుకు ముప్పావలా పైన ఒక పైసా. ఆయన కాసేపు ఆ అంకె వైపు చూశాడు. "నేనొక్కణ్ణే రూపాయి పెంచితే పక్కవాడి దగ్గరికి పోతారు. అందరూ పెంచితే నాకేం?" అన్నాడు.

చట్టం చేయాల్సిన పని ఆ చివరి మాటలోనే ఉంది. గ్యాస్ బండ ధర పెరిగినప్పుడు ఈ వీధిలో ఎవరూ పొయ్యి ఆర్పలేదు, ఎందుకంటే అందరికీ ఒకే రోజు పెరిగింది. జీతం కూడా అలా అందరికీ పెరిగితే మంచివాడు నష్టపోడు. సగం మందికే అమలైతే మాత్రం నిజాయితీగా ఇచ్చేవాడే మునుగుతాడు.

ఒక టైలరింగ్ షాపు లెక్క ఇంత తేలిగ్గా తేలలేదు. దాని ఓనర్ అక్క ఒక్కతే షాపు నడుపుతుంది, ఫాల్స్, పీకో కుట్టడానికి ఒక అమ్మాయి ఉంది. అన్ని ఖర్చులూ పోను అక్కకు చేతికి మిగిలేది 18,000 లోపే. అమ్మాయికి ఇచ్చేది 5,000. చట్టం చెప్పిన రేటు ఇవ్వమంటే అక్క అమ్మాయిని మానిపించి, రాత్రి పదకొండు దాకా తనే కుడుతుంది. ఈ మాట ఆమె నాతో కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పింది, నేను నమ్ముతున్నాను. ఆ అమ్మాయికి అక్కడ నిజంగానే పని వస్తోంది. జాకెట్ కత్తిరించడం దాకా వచ్చింది. సియాటెల్ లెక్కలో కనబడకుండా పోయిన పిల్ల ఈమే.

ఇలాంటి చోట్లకు జవాబు కేంద్రం అప్రెంటిస్‌షిప్ పథకం. కానీ దాని తలుపు వీళ్లకు తెరుచుకోదు. నలుగురైనా పనివాళ్లు లేని షాపుకు ఆ పథకం వర్తించదు. 2019 నిబంధనల్లో స్టైపెండ్ పదో తరగతి పాసైన వాళ్లకు 6,000, డిగ్రీ వాళ్లకు 9,000 అని పెట్టారు. అందులో నాలుగో వంతు, నెలకు 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. కుట్టు పని, ఏసీ రిపేరు, బైక్ మెకానిక్ లాంటి ఒకరిద్దరు ఉండే షాపులకు రాష్ట్రమే అలాంటి వాటా ఇవ్వాలని మీరు సిఫారసు చేయవచ్చు. నేర్చుకునే పని ఏమిటో, ఎన్ని నెలల్లో వస్తుందో రాసి, చివర సర్టిఫికెట్ ఇచ్చే చోట మాత్రమే. చీర మడతకు ఆరు నెలలు, బిల్లింగ్ మెషీన్‌కు ఏడాది అనేవాళ్లకు ఒక్క రూపాయి వద్దు.

"పెళ్లి కాని పిల్లలకు ఖర్చులేముంటాయి, పాకెట్ మనీయే కదా" అనే మాట కూడా మీ దాకా వస్తుంది. 1957లో 15వ భారత కార్మిక సమావేశం కనీస వేతనానికి కొలత కట్టినప్పుడు ఒక సంపాదన మీద మూడు యూనిట్ల కుటుంబం తింటుందని లెక్క వేసింది. తిండి, ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, పొయ్యి, దీపం. 1991లో రాప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, పండుగలు, వృద్ధాప్యం, పెళ్లిళ్ల కోసం ఇంకో 25 శాతం కలపమంది. 2019లో అనూప్ సత్పతి కమిటీ యూనిట్లను 3.6కు పెంచి, 2018 జూలై ధరల మీద రోజుకు 375 రూపాయలు ఉండాలని చెప్పింది. అప్పటికి జాతీయ కనీస స్థాయి 176. ఈ లెక్కల్లో ఎక్కడా పద్దెనిమిదేళ్ల పిల్ల కడుపు చిన్నదని లేదు. నేను పంపిన 500 వల్ల మా తమ్ముడు పదో తరగతి ఆపకుండా చదివాడు. మా ఇంట్లో నా జీతాన్ని పాకెట్ మనీ అని ఎవరూ అనలేదు.

ఇక అసలు జబ్బు, ఆలస్యం. ఐదేళ్లకు మించకుండా రేట్లు సవరించాలని 1948 కనీస వేతనాల చట్టంలోనే ఉండేది. మన రాష్ట్రంలో మూల వేతనం ఏళ్ల తరబడి ఉన్నచోటే ఉండి, ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో కరువు భత్యం చుక్కలు మాత్రం కలుస్తూ వచ్చాయి. 2021లో ఐదు రంగాలకు కొత్త రేట్లతో జీవోలు వచ్చాయి. గెజిట్‌లో అచ్చు వేయలేదు కాబట్టి అవి జీతాల రిజిస్టర్ దాకా రాలేదు. ఆ జీవో కాగితం ఫొటో చూపించి, "మాకు పెరిగిందట కదా అక్కా" అని ఒక సెక్యూరిటీ గార్డు నన్ను అడిగాడు. అచ్చు కాలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఈ ఆలస్యం కుర్రాళ్లకు రెండు రకాలుగా తగులుతుంది. పెంచని ఏళ్లలో వాళ్లు తక్కువకు చేస్తారు. పదేళ్లకొకసారి ఒక్క ఉదుటున పెంచినప్పుడు, భరించలేని షాపు ముందు తీసేసేది చివర చేరినవాణ్ణే. ప్రతి ఏడాదీ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే టిఫిన్ సెంటర్ అన్న తన ప్లేటు ధరను దానికి తగ్గట్టు సర్దుకుంటాడు, ఏ కుర్రాడి పనీ పోదు. ఉద్యోగాలు పోతాయని నిజంగా బాధపడే యజమానులు మాతో కలిసి మిమ్మల్ని అడగాల్సింది ఇదే.

2025 నవంబర్ 21 నుంచి వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో జాబితాకెక్కిన పనులకే కనీస వేతనం. ఇప్పుడు అన్ని పనులకూ వర్తిస్తుంది. పాత చట్టం పెద్దలకు, కౌమారులకు, బాలలకు, అప్రెంటిస్‌లకు వేర్వేరు రేట్లు పెట్టే వీలిచ్చింది. కొత్త కోడ్ ప్రధానంగా చూడమన్నది నైపుణ్యాన్ని, ప్రాంతాన్ని. కాబట్టి వయసు రేటు ముందు తలుపు నుంచి రాకపోవచ్చు. 'నైపుణ్యం లేదు', 'ఇంకా ట్రైనింగే' అనే దొడ్డిదారిన వస్తుంది. పనిలో చేర్చుకునేటప్పుడు నియామక పత్రం ఇవ్వాలని కొత్త చట్టాల్లో ఉంది. అందులో చేరిన తేదీ, పని పేరు, జీతం ఉంటే చాలదు. ట్రైనింగ్ ఉంటే అది ఎన్ని రోజులో, ఏం నేర్పుతారో కూడా రాయాలని నియమం పెట్టించండి. ఆ రోజుల్లోనూ కనీస వేతనం తగ్గకూడదు. ఒక షాపులో చేసిన అనుభవం ఇంకో షాపులో సున్నా కాకూడదు.

ఇన్ని రాసినా, రిజిస్టర్ అబద్ధం చెబితే అన్నీ వృథా. ఖాతాలో పూర్తి జీతం పడుతుంది, మర్నాడు ఏటీఎం నుంచి తీసి రెండు మూడు వేలు వెనక్కి ఇవ్వాలి. కొన్ని చోట్ల ఇలాగే నడుస్తోంది. అలా రిజిస్టర్ రాయమని నన్ను ఒక షాపు అడిగింది. ఆ షాపు పని వదులుకున్నాను. నా తర్వాత ఇంకెవరో రాసే ఉంటారు, అది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. బకాయి అడగడానికి పాత చట్టంలో ఆరు నెలలే గడువు. కొత్త కోడ్‌లో మూడేళ్లు. ఇచ్చామని రుజువు చేసుకునే భారం కూడా యజమాని మీదే. ఊరి నుంచి కొత్తగా వచ్చిన ఏ అమ్మాయికి ఈ సంగతి తెలుసు? రేటు ఎంతో, ఎవరికి ఫిర్యాదు చేయాలో తెలుగులో, ఉర్దూలో, హిందీలో, పెద్ద అక్షరాలతో హాజరు మెషీన్ పక్కనే అంటించాలని ఆదేశం ఇప్పించండి. మేనేజర్ గది లోపల కాదు.

కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకోవడం వెట్టి కిందే లెక్క అని సుప్రీంకోర్టు 1983లో రాజస్థాన్ కరువు పనుల కేసులో చెప్పింది. అప్పటి ప్రభుత్వం కూడా, కరువు సాయమే కదా, తక్కువ ఇస్తే ఏమని వాదించింది. ట్రైనింగే కదా అనే వాదన నాకు దాని తోబుట్టువులా వినిపిస్తుంది.

చివరగా ఒక చిన్న విన్నపం. రేట్ల ప్రతిపాదన అచ్చువేసి అభ్యంతరాలు పిలిచేటట్లయితే కనీసం రెండు నెలల గడువు ఇవ్వాలని కోడ్‌లో ఉంది. విచారణలు మాత్రం ఎప్పుడూ పగలు పదకొండింటికే, ఆఫీసుల్లోనే జరుగుతాయి. యజమానుల సంఘాల వాళ్లు వస్తారు, యూనియన్ పెద్దలు వస్తారు. కౌంటర్ వెనక నిలబడే పిల్లలు రాలేరు. ఒక పూట రాకపోతే రోజు జీతం కోత. షోరూంల షట్టర్ పడేది రాత్రి తొమ్మిదిన్నరకు. ఒక్క విచారణ ఆ తర్వాత పెట్టండి, అమీర్‌పేటలోనో, కూకట్‌పల్లిలోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో. నాకు తెలిసిన ప్రతి షాపుకూ నేనే వెళ్లి చెప్పి తీసుకొస్తాను. కుర్చీలు మాత్రం అందరికీ సరిపడా వేయించండి, వాళ్లు పొద్దుటి నుంచి నిలబడి వస్తారు.

ఇట్లు,
ఒక లెక్కల గుమాస్తా, ఒకప్పటి సేల్స్ గర్ల్
హైదరాబాద్